కోప్లి, ఆఖరి స్టాపు

ట్రాము ఇక ముందుకు పోదు.
పట్టాలు ఇక్కడ గుండ్రంగా తిరిగి వెనక్కి మళ్ళుతాయి.
ఆవల సముద్రం, గడ్డకట్టి.
ఇరవై రెండేళ్ళుగా టాలిన్‌లో రాత్రి ఆఖరి బండి నాదే.

దిగే ముందు సీట్లన్నీ చూస్తాను.
దొరికినవి పుస్తకంలో రాయాలి:
గొడుగు. ఊలు టోపీ. ఒంటి స్కేటింగు బూటు.
ఒకసారి పళ్ళ సెట్టు, జేబురుమాలులో భద్రంగా.
ఎవరి పళ్ళో, ఎవరూ అడగ రాలేదు.

ఆ జనవరిలో వెనక సీటులో గ్లెబ్ దొరికాడు.
చేపల ఫ్యాక్టరీ నినెల్ కొడుకు.
చిన్నప్పుడు నా కేబిన్ అద్దానికి ముక్కు ఆనించి
గంట కొట్టమని గోల చేసేవాడు.
తల వాల్చి గురక పెడుతున్నాడు.

అప్పటి ఫారంలో ఒకటే గడి:
పోలీసులకు తెలియజేశారా?
తెలియజేస్తే వస్తారు, జేబులు వెతుకుతారు,
తెల్లారేసరికి పిల్లాడి పేరు పక్కన కేసు నంబరు మొలుస్తుంది.
పోనీలే, పడుకోనీ అనుకున్నాను.
సీటు కింద హీటరు ఇంకో మెట్టు పెంచాను.
నా కోటు తీసి కప్పాను కూడా.
ఫ్లాస్కులో టీ అయిపోయేదాకా కూర్చున్నాను.
గురక ఆగితే
హమ్మయ్య, గాఢంగా నిద్రపట్టింది అనుకున్నాను.

జాలిపడి చంపాను అని
ఏ గడిలో రాయను?

తర్వాతి ఏడు డిపోకి ఐలి వచ్చింది,
క్లినిక్ నర్సు, పొట్టి మనిషి, జలుబుతో ఎర్రబడ్డ ముక్కు.
ప్లాస్టిక్ బొమ్మ తలను బల్ల మీద పెట్టి
తనే గురక పెట్టి వినిపించింది.
"ఇది నిద్ర కాదు. ఊపిరి మునిగిపోతున్న చప్పుడు."
కొందరు నవ్వారు.
మెకానిక్ హెయినో లేచి
"కొని తెచ్చుకున్న విషానికి విరుగుడు కూడా మేమే పొయ్యాలా?" అన్నాడు.
ఐలి ముక్కు చీదుకుంది.
"మానుకోవాలంటే ముందు బతికుండాలి కదా, హెయినో."
నేను మూలన కూర్చుని
కోటు గుండీలు లెక్కపెట్టుకున్నాను.

చట్టాలు ఎక్కడో మారతాయి, పెద్ద గదుల్లో, చేతులెత్తి.
నా దాకా వచ్చేసరికి అదొక కొత్త ఫారం.
మొదటి గడి: అంబులెన్సు.
రెండోది: నాలోక్సోన్, ఎన్ని మోతాదులు?
పోలీసుల గడి అడుక్కి జారింది,
'అవసరమైతే' అని ఒక తోక తగిలించుకుని.
బ్రేకు పిడి పక్కన మేకుకి ఎర్ర సంచీ.
చీకట్లోనూ నా చేతికి దాని దారి తెలుసు.

నిన్న రాత్రి ఉల్యానా.
అదే సీటు కాదు, అదే గురక.
పెదాలు సిరా తాగినట్టు.
ముక్కులో ఒక చిమ్ము. నోటితో ఊపిరి. ఇంకో చిమ్ము.
ఫోనులో అంబులెన్సు ఆవిడ నాతోపాటు అంకెలు లెక్కపెట్టింది.
ఆరో నిమిషానికి కళ్ళు తెరిచి
నన్ను, మా అమ్మను, ట్రాము కనిపెట్టినవాణ్ణి
కలిపి తిట్టింది.
ఎంత చక్కటి బూతులు!
ఒక్కోదానికి ఒక్కో నిండు ఊపిరి ఖర్చుపెట్టి.

మందు దిగిపోతే మళ్ళీ మునుగుతావు, కూర్చో అన్నాను.
వణుకుతూ కూర్చుంది.
టీ ఇస్తే కింద పారబోసింది.
"నిన్నెవరు రమ్మన్నారు?"
గ్లెబ్ అని ఒక పిల్లాడు, వాడికి గంటంటే ఇష్టం,
అని చెప్పబోయి
గంట ఒకసారి కొట్టాను, అంతే.
ఉలిక్కిపడి చూసింది.

అంబులెన్సు ఎక్కేటప్పుడు ఐలి క్లినిక్ చీటీ చేతిలో పెట్టాను.
ఉంచుకుందో, మంచులో విసిరిందో.
పొద్దుటి బండిలో నినెల్ ఉప్పు వాసనతో ఎక్కుతుంది.
ఎర్ర సంచీ వైపు చూస్తుంది.
నా వైపు చూడదు.

పుస్తకం తెరిచి రాశాను:
చేతి తొడుగు, ఆకుపచ్చది, ఒకటి.
మనిషి నడిచి దిగింది.